టైపోగ్రఫీ నేర్పాలంటే విరిగిన వత్తు దగ్గర మొదలుపెట్టండి

మొదటి రోజు క్లాసులో ఫాంట్ల జాబితా తెరవనివ్వకండి. డిజైన్ చదువులోకి కొత్తగా వచ్చిన పిల్లలు టైపోగ్రఫీ (అక్షరాల్ని అచ్చుకి అమర్చే విద్య) అంటే ఆ జాబితాలో పైకీ కిందికీ తిరిగి నచ్చింది ఏరుకోవడం అనుకుంటారు. తప్పు వాళ్లది కాదు. చిన్నప్పుడు అక్షరాలు దిద్దినన్నాళ్లే వాళ్లు అక్షరాన్ని చూశారు. చదవడం వచ్చేశాక మాట వినిపిస్తుంది గానీ అక్షరం కనిపించదు. దాన్ని వాళ్లకి మళ్లీ కనిపించేలా చేయడమే మొదటి నెలంతా మన పని.

విశాఖపట్నంలో పదకొండేళ్లుగా మొదటి సంవత్సరం పిల్లలకి ఈ సబ్జెక్టు చెబుతున్నాను. అంతకుముందు అల్లిపురంలో ఒక ప్రెస్సులో డీటీపీ (కంప్యూటరులో పేజీలు కట్టే పని) చేశాను. ఇంకా ముందుకెళ్తే, మా నాన్న బోర్డులు రాసే పెయింటరు. పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల కొట్లకి పేర్లు రాస్తుంటే నేను రంగు డబ్బా పట్టుకుని నిచ్చెన కింద నిలబడేదాన్ని. ఈ మూడు చోట్లా పనిచేసిన చేతులతో చెబుతున్నాను: మనం వాడే డిజైన్ సాఫ్ట్‌వేర్లు చాలావరకు ఇంగ్లీషు అక్షరం కొలతల మీద పుట్టాయి. తెలుగు పెట్టగానే ఎక్కడో ఒకచోట తడబడతాయి. మామూలుగా టీచర్లు ముందే సెట్టింగులన్నీ సరిచేసి ల్యాబ్ సిద్ధం చేస్తారు. నేను చేయను. తడబాటు పిల్లల కళ్లముందే జరగాలి, వాళ్ల చేతులతోనే సర్దుకోవాలి. నా కోర్సంతా ఆ తడబాట్ల వరసలోనే నడుస్తుంది.

మొదటి పాఠానికి ఇంక్‌స్కేప్ చాలు. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేరు అది. ఉచితం, పిల్లల సొంత ల్యాప్‌టాపుల్లో కూడా వేసుకోవచ్చు. టెక్స్ట్ టూల్ తీసుకుని "పడవ" అని టైపు చేయించండి. ఫాంటు మీరే చెప్పండి. నేను నోటో సెరిఫ్ తెలుగు వాడతాను. సైజు 300 పాయింట్లు. తర్వాత పాత్ మెనూలో ఆబ్జెక్ట్ టు పాత్ నొక్కి, అన్‌గ్రూప్ చేస్తే మూడక్షరాలూ మూడు బొమ్మలుగా విడిపోతాయి. ఇప్పుడు వ ని జరిపి ప మీద పెట్టి, ఒపాసిటీ 50 శాతానికి తగ్గించమనండి.

ఈ మాట ఊరికే ఎంచుకోలేదు. ఫిషింగ్ హార్బరు ఉన్న ఊరు మాది, పడవ తెలియని పిల్లలుండరు. ఆ మాటలో ప, వ రెండూ ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే ఒళ్లు దాదాపు ఒకటే. ప నోరు తెరుచుకుని ఉంటుంది. వ పైకి వెళ్లి తలకట్టుతో కలిసి మూసుకుంటుంది. అంత చిన్న సందు మీద ఆధారపడి మనం "పాడు"ని "వాడు" అనుకోకుండా చదువుతున్నాం. భీమిలి వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి స్క్రీను దగ్గరికి వంగి, "ఇన్నాళ్లూ ఈ సందు చూడలేదు మేడమ్" అంది. ఆ మాట ఏటా ఎవరో ఒకరి నోట వస్తుంది. వచ్చేదాకా రెండో పాఠానికి వెళ్లను.

తర్వాత అదే మాటని రామభద్ర లాంటి బరువైన ఫాంటులో పెట్టి 7 పాయింట్లకి తగ్గించి ప్రింటు తీయించండి. స్క్రీను మీద జూమ్ చేసి చూస్తే లాభం లేదు, కాగితం మీదే చూడాలి. సిరా కొంచెం పాకేసరికి ఆ సందు పూడుకుపోతూ ఉంటుంది. అలాగే ద, ధ, థ: ధ కింద చిన్న గీత, థ కడుపులో చుక్క. "వీధి" అని చిన్న సైజులో బోల్డ్‌లో కొడితే ఆ గీత నిలిచిందా లేదా అని వెతికించండి. ఫాంటు మంచిదా కాదా అన్న ప్రశ్నకి పిల్లలకి దొరికే మొదటి నిజమైన కొలత ఇదే. "నచ్చింది మేడమ్", "క్లాసీగా ఉంది మేడమ్" అన్న మాటలు ఆ రోజు నుంచి తగ్గుతాయి.

పేర్లు కూడా ఇక్కడే నేర్పండి. ఇంగ్లీషు పుస్తకాల్లో అసెండరు, ఎక్స్-హైటు, సెరిఫ్ అని ఉంటాయి; అవి కావలసిందే. కానీ తలకట్టుకి ఆ పుస్తకాల్లో పేరు లేదు. గుడి, కొమ్ము, ఎత్వం, వట్రుసుడి, క్రావడి (ర వత్తు), పొల్లు: ఇవన్నీ మన ఒకటో తరగతి మాటలు. ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్లలు చాలామంది "పైన ఉండే టిక్కు" అంటారు. నేను అలా రాస్తే మార్కులు వేయను. పేరు పెట్టి పిలవలేని దాన్ని దిద్దమని ఇంకొకరికి చెప్పలేం. రేపు ప్రెస్సులో ఆపరేటరు పక్కన కూర్చుని "క్రావడి కింద లైనుకి తగులుతోందన్నా" అంటే ఆయనకి అరక్షణంలో అర్థమవుతుంది.

రెండో వారం ఇల్లస్ట్రేటరు, అడోబీ వాళ్ల డిజైన్ సాఫ్ట్‌వేరు. టైప్ ప్రిఫరెన్సులు ముట్టుకోకుండా "రాష్ట్ర మత్స్య శాఖ" అని పేస్ట్ చేయమనండి. ఇండిక్ ఆప్షను, అంటే భారతీయ లిపుల సెట్టింగు, ఆన్ కాని మెషిన్లలో అది "రాష్‌ట్‌ర మత్‌స్‌య శాఖ" అని పొల్లులు నిలబెట్టుకుని వస్తుంది. తప్పని అందరికీ తెలుస్తుంది. ఏం విరిగిందో చెప్పమంటే మాత్రం క్లాసు నిశ్శబ్దం అయిపోతుంది.

అప్పుడు ఇల్లస్ట్రేటరు పక్కన పెట్టి నోట్‌ప్యాడ్ తెరిపించండి. "రాష్ట్ర" అని కొట్టించి, చివర కర్సరు పెట్టి బ్యాక్‌స్పేస్ ఒక్కొక్కసారే నొక్కమనండి. మొదటి దెబ్బకి క్రావడి పోయి పొల్లు బయటపడుతుంది. రెండో దెబ్బకి పొల్లు పోయి ట వత్తు మిగులుతుంది. మూడో దెబ్బకి ఆ వత్తూ పోయి ష మీదికి పొల్లు వస్తుంది. లెక్కపెడితే మొత్తం ఏడు దెబ్బలు: ర, దీర్ఘం, ష, పొల్లు, ట, పొల్లు, ర. కంటికి రెండే అక్షరాలు; కంప్యూటరులో ఏడు ముక్కలు. కంప్యూటర్లన్నీ వాడే అక్షరాల పట్టిక యూనికోడ్. దాంట్లో వత్తులకి విడిగా చోటు లేదు. పొల్లు తర్వాత హల్లు వచ్చిందంటే వత్తుగా మార్చమని ఫాంటులో రాసి ఉంటుంది, ఆ రాతని చదివి అమలు చేసే పని సాఫ్ట్‌వేరుది. చదవకపోతే పొల్లులు అలా నిలబడిపోతాయి. దీన్ని గంటసేపు ఉపన్యాసంగా చెప్పి చూశాను, ఎవరికీ ఎక్కలేదు. ఏడుసార్లు బ్యాక్‌స్పేస్ నొక్కితే ఎక్కింది.

ఇక సరిచేయడం. ఇల్లస్ట్రేటరులో ప్రిఫరెన్సెస్, టైప్‌లోకి వెళ్లి షో ఇండిక్ ఆప్షన్స్ టిక్ పెట్టాలి. తర్వాత పేరాగ్రాఫ్ ప్యానెల్ మూలనున్న మెనూలో మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ కంపోజరు ఎంచుకోవాలి. ఇన్‌డిజైన్‌లో అదే ప్యానెల్‌లో వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజరు. పాత ఫోటోషాప్ అయితే టైప్ ప్రిఫరెన్సుల్లో వరల్డ్-రెడీ లేఅవుట్. ఇంక్‌స్కేప్‌లో ఏ టిక్కూ అక్కర్లేదు, అందుకే మొదటి పాఠం దాంట్లో పెట్టాను.

ఈ పాఠం మీద నాకింత పట్టుదల ఎందుకో చెబుతాను. ప్రెస్సులో ఉన్న రోజుల్లో ఒక పెళ్లికార్డు నేనే చేశాను. బ్యాక్‌గ్రౌండు బొమ్మ కోసం ఫోటోషాప్‌లో కట్టాను. "శుభముహూర్తం"లో ర్త విడిపోయి "ర్‌త" అని వచ్చింది. నాకు అప్పటికి ఆ సెట్టింగు ఉందనే తెలియదు. ఫాంటు లోపం అనుకున్నాను, సాయంత్రానికి ప్లేటు వెళ్లాలని తొందర. 500 కార్డులు అచ్చయ్యాయి. పెళ్లికూతురి తండ్రి వచ్చి ఒక కార్డు తీసి, ఆ మాట మీద వేలు పెట్టి, కాసేపు అలాగే ఉన్నారు. పెళ్లి తొమ్మిది రోజుల్లో ఉంది. ఏమీ అనకుండా మిగతా డబ్బు కట్టి తీసుకెళ్లిపోయారు. ఆయన తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేదాన్నేమో. నా దగ్గర చదివిన పిల్లల చేతిమీదుగా అలాంటి కార్డు ఎవరింటికీ వెళ్లకూడదు.

పాత ప్రెస్సుల సంగతి కూడా ఒక పూట చెప్పాలి. పేజీలు కట్టే సాఫ్ట్‌వేరు పేజ్‌మేకరు 7.0 వచ్చింది 2001లో, ఆ తర్వాత చిన్న సవరణలే తప్ప కొత్త వెర్షన్ రాలేదు. అయినా దాంట్లో అను ఫాంట్లతో పనిచేసే చేతులు మన దగ్గర చాలా ఉన్నాయి. ఆ ఫాంట్లలో వత్తు, గుడి, కొమ్ము ఒక్కొక్కటీ ఒక ఇంగ్లీషు అక్షరం చోట కూర్చుని ఉంటాయి. అందుకే ఆ మ్యాటరు ఇంకో కంప్యూటరులో తెరిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. ఇంటర్న్‌షిప్‌కి వెళ్లిన పిల్లలు దాన్ని చూసి వైరస్ అనుకున్నారు. మ్యాటరు తీసుకునేటప్పుడే యూనికోడా, అనూనా అని అడగడం అలవాటు చేయండి. అను అయితే కన్వర్టరులో మార్చాక ప్రతి వత్తూ మూలంతో పోల్చి చదవాలి. మార్చాం కదా అని నమ్మేయకూడదు.

మూడో వారం లైన్ల మధ్య దూరం. దీనికి విశాఖలో ఇంతకంటే మంచి వాక్యం దొరకదు:

విశాఖ ఉక్కు
ఆంధ్రుల హక్కు

1966 ఉద్యమం నాటి నినాదం. గాజువాక నుంచి వచ్చే పిల్లలకి ఇంట్లో తాతలు చెప్పి ఉంటారు, అడిగి చూడండి, క్లాసులో ఎవరో ఒకరు మాట్లాడటం మొదలుపెడతారు. కాసేపు మాట్లాడనివ్వండి. అది ఎవరి నోట పుట్టిన మాటో తెలిసిన చేయి దాన్ని ఇష్టమొచ్చినట్టు వంకర్లు తిప్పదు.

అనేక్ తెలుగు బోల్డ్ ఫాంటు, 120 పాయింట్లు, లీడింగు (లైన్ల మధ్య దూరం) ఆటోలో వదిలేయండి. అడోబీ సాఫ్ట్‌వేర్లలో ఆటో అంటే 120 శాతం, అంటే ఇక్కడ 144 పాయింట్లు. ఇంగ్లీషు లైన్లకి అది సరిపోతుంది. మనకి పై లైను కింద క వత్తు వేలాడుతుంది, కింది లైను నెత్తిన తలకట్లు ఉంటాయి. మధ్యలో గాలి ఆడదు. ఇప్పుడు 130, 140, 150, 170 శాతాల్లో నాలుగు ప్రింట్లు తీయించి గోడకి వరసగా అంటించి, వెనక్కి నడిచి చూడమనండి. ఏ ప్రింటు దగ్గర రెండు లైన్లూ ఒక నినాదంగా వినిపిస్తున్నాయి, ఎక్కడ రెండు వేరు వేరు మాటలుగా విడిపోయాయి? 170 దగ్గర విడిపోతుందని చాలామంది అంటారు. పుస్తకం పేజీకి, అంటే 11, 12 పాయింట్ల మ్యాటరుకి, నేను 150 దగ్గర మొదలుపెట్టి కిందికి దిగుతాను. ఫాంటుని బట్టి మారుతుంది కాబట్టి అంకె కంఠస్థం చేయించకండి.

పోస్టరులో మాత్రం కంటితో చూసుకుంటూ లైన్లని ఇంకా దగ్గరికి లాగొచ్చు. రెండు లైన్లనీ కుడివైపుకి సర్దితే "క్కు" కింద "క్కు" వచ్చి ప్రాస కంటికి కూడా తెలుస్తుంది, కానీ వత్తు సరిగ్గా కింది క నెత్తిమీద పడుతుంది. పోయినేడు ఒక అబ్బాయి రెండు గంటలు కుస్తీ పట్టి, పై లైనుని ఎడమకి జరిపాడు. ఆ క వత్తు "ఆంధ్రుల"కీ "హక్కు"కీ మధ్యనున్న ఖాళీలోకి దిగింది. తర్వాత లీడింగు 105 శాతానికి తగ్గించినా ఏదీ దేనికీ తగల్లేదు. రెండు లైన్లూ తాపీపనివాడు పేర్చిన ఇటుకల్లా అమరాయి. అందరినీ వాడి సిస్టం చుట్టూ పిలిచి చూపించాను.

మా నాన్న బోర్డు మీద చాక్‌పొడి అద్దిన నూలుదారం లాగి గీతలు కొట్టేవాడు. అక్షరం పైకి ఒకటి, అడుగుకి ఒకటి, ఆ కింద ఇంకొకటి వత్తులకి. ముందు మూడో గీత ఎక్కడ పడుతుందో చూసుకుని, తర్వాతే మొదటి గీత కొట్టేవాడు. "ముందల కిందకెంత దిగుద్దో సూసుకోవాలమ్మలూ, పైన సోటు ఎప్పుడూ ఉంటాది" అనేవాడు. ఆ దారాలే నా క్లాసులో గైడ్లు. నేను నాలుగు గీయిస్తాను: గుడికి, తలకట్టుకి, అడుగుకి, వత్తుకి. రూలరు నుంచి గైడు లాగడం పిల్లలకి ఒక్క నిమిషం పని, ఎక్కడ ఆపాలో తెలియడానికి నెల పడుతుంది.

అక్షరాల మధ్య దూరం మీద ఎక్కువ రోజులు పెట్టను. కెర్న్ టైప్ అని బ్రౌజరులో ఆడే ఆట ఉంది, ఇంగ్లీషు అక్షరాలు జరిపి సరైన దూరం పట్టుకోవాలి. ఇరవై నిమిషాలు ఆడించండి, తర్వాత తెలుగులో మీరే తయారుచేయండి: "సింహాచలం" అని కొట్టి, పాత్‌గా మార్చి, ముక్కల్ని చెదరగొట్టి పక్కవాళ్లకి ఇవ్వాలి, వాళ్లు సర్దాలి. చూడాల్సింది సున్నని. అది సి తాలూకుది, హా తాలూకుది కాదు. సున్నకి రెండువైపులా సమానంగా ఖాళీ వదిలితే మాట మధ్యలో ఒక రాయి పడ్డట్టు ఉంటుంది. పేరాగ్రాఫు మ్యాటరుకి ట్రాకింగు (అక్షరాలన్నిటి మధ్య దూరం) పెంచనివ్వకండి, అంతే.

ఒక చిన్న విషయం, కానీ రోజూ ఎదురయ్యేది. కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియానికి పోస్టరు చేయమంటే సగంమంది "బీచ్రోడ్డు" అని పెట్టారు. చ కింద క్రావడి. టైపు చేసింది తప్పు కాదు: పొల్లు తర్వాత ర వస్తే వత్తు చేయమని మనమే నేర్చుకున్నాం కదా, సాఫ్ట్‌వేరు బుద్ధిగా చేసింది. ఇక్కడ చేయొద్దని చెప్పడానికి ఆ రెంటి మధ్య కంటికి కనబడని ఒక గుర్తు పెట్టాలి, దాని పేరు నాన్-జాయినర్. ఇన్‌డిజైన్‌లో టైప్ మెనూ, ఇన్సర్ట్ స్పెషల్ క్యారెక్టర్, అదర్‌లో దొరుకుతుంది. పెట్టగానే "బీచ్‌రోడ్డు" అవుతుంది. బ్యాక్‌స్పేస్ పాఠం బాగా ఎక్కిన పిల్లలకి దీని సంగతి చెప్పేలోపే అర్థమైపోతుంది.

నొక్కి చెప్పాల్సిన మాటని ఎలా చూపాలి? ఇంగ్లీషుకి పెద్దక్షరాలున్నాయి, ఇటాలిక్ ఉంది. మన లిపికి పెద్దబడి, చిన్నబడి లేదు, ఇటాలిక్ సంప్రదాయం లేదు. వాలు బటను నొక్కితే సాఫ్ట్‌వేరు అక్షరాన్ని పక్కకి తోసేస్తుంది, గుండ్రాలన్నీ కోడిగుడ్లవుతాయి. అవుట్‌లైను చుట్టూ స్ట్రోకు వేసి బోల్డు చేస్తే మొదటి రోజు చూసిన ప సందు పూడిపోతుంది. రెండూ వద్దని చెప్పి, బదులుగా అనేక్ తెలుగు వేరియబుల్ ఫాంటు చేతికివ్వండి. బరువు 100 నుంచి 800 దాకా, వెడల్పు 75 నుంచి 125 దాకా స్లైడరు మీద జరుగుతుంది. నేనిచ్చే పని చేపల మార్కెట్టు ధరల పట్టిక: వంజరం, చందువ, కానాగంతలు, రొయ్యలు, పీతలు. ఒకే ఫాంటు, ఒకే రంగు, పెట్టెలు గీతలు లేవు. బరువు, వెడల్పు, సైజు, ఖాళీ, వీటితోనే పేరెక్కడ, ధరెక్కడ, ఈ రోజు ఏది తాజా అన్నది పది అడుగుల దూరం నుంచి తెలియాలి. అంకెలు కుడివైపు ఒక గీతకి ఆనాలి, అది ట్యాబ్‌తో చేయాలి, స్పేస్‌బారు కొట్టి కాదు.

తెలుగు పక్కన ఇంగ్లీషు పేరు రావాల్సినప్పుడు, ఒకే పాయింటు సైజులో పెడితే ఇంగ్లీషు పెద్దక్షరాలు మీదపడినట్టుంటాయి. 90 శాతం దగ్గర మొదలుపెట్టి, కళ్లు సగం మూసుకుని చూసి తగ్గించుకోవాలి.

ఇదంతా అయ్యాక, నాలుగో వారం చివర, ఫాంట్ల జాబితా తెరుస్తాం. గూగుల్ ఫాంట్స్‌లో భాష తెలుగు అని ఎంచుకుంటే మండలి, సురవరం, ఎన్టీఆర్, పెద్దన, తిమ్మన, ధూర్జటి వస్తాయి, వీటిలో మండలి, ఎన్టీఆర్ గీసింది పురుషోత్ కుమార్ గుట్టుల. గురజాడ, గిడుగు పేర్లతోనూ ఫాంట్లున్నాయి. విజయనగరం, శ్రీకాకుళం పిల్లలు ముందు వాటినే తెరుస్తారు. అవన్నీ ఓపెన్ లైసెన్సువి, కాబట్టి తెరిచి లోపల ఎలా కట్టారో చూడొచ్చు. ఇప్పుడు పిల్లలు ఒక్కో ఫాంటులోనూ "పడవ", "వీధి", "రాష్ట్ర మత్స్య శాఖ" కొట్టి చూస్తారు. నేను చెప్పక్కర్లేదు.

పని అప్పగించేటప్పుడు మూడు ఫైళ్లు అడగండి: అక్షరాలు దిద్దడానికి వీలున్న అసలు ఫైలు, అక్షరాలన్నీ అవుట్‌లైన్లుగా మార్చిన పీడీఎఫ్, మ్యాటరు యూనికోడ్‌లో విడిగా. ప్రెస్సుకి వెళ్లేది రెండోది. మూడోది లేకపోతే ప్రూఫు చూసేవాళ్లకి దిక్కుండదు.

చివరి పని వీధిలో. సాయంత్రం ఎండ తగ్గాక జగదాంబ జంక్షన్ నుంచి పూర్ణా మార్కెట్ దాకా నడిపిస్తాను. విరిగిన వత్తు ఉన్న ఫ్లెక్సు కనిపిస్తే ఫోటో తీయాలి, ఒక్కొక్కరూ ఒకటి చొప్పున ల్యాబ్‌లో దిద్దాలి. ఫోటోలో ఫోన్ నెంబరు చెరిపేయాలి, షాపువాళ్ల ముందు నవ్వకూడదు. ఆ ఫ్లెక్సుకి వాళ్లు డబ్బు కట్టారు, తప్పు చేసింది వేరే చేయి. కిందటి బ్యాచ్‌లో ఒకడు "స్వచ్‌ఛమైన పాలు" అన్న టీ కొట్టు బోర్డు దిద్ది, చెప్పకుండానే ఆ ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని కొట్టుకి వెళ్లాడట. కొట్టాయన రెండు బోర్డుల ప్రింట్లూ పక్కపక్కన పెట్టించుకుని, "ఛ దానికిందకెళ్లిపోయింది కదా బాబూ, అదేనా?" అని అడిగాడట. అదేనండి అన్నాడట మావాడు.